జవాన్ల ఇళ్ళలోని ఆడవాళ్ళ కోసం: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. సైన్యంలో పనిచేసేవాళ్ళ ఇళ్ళలో ఉన్న భార్యలు, తల్లులు, అక్కచెల్లెళ్ళు, ఎవరైనా ఈరోజు ఫోన్ చేయవచ్చు. స్టూడియోలో ఉన్న మేడమ్ ఒక రిటైర్డ్ సుబేదార్ గారి భార్య. ఆయన యూనిట్లలో చాలా ఏళ్ళు ఫ్యామిలీ వెల్ఫేర్ సెంటర్ పనులు చూశారు. మేడమ్, నమస్కారం.

మేడమ్: నమస్కారం. కాల్స్ తీసుకునే ముందే ఒక మాట చెబుతాను. మీ ఇంటాయనది ఏ యూనిట్, ఎక్కడున్నాడు, ఎప్పుడు కదులుతున్నాడు, సెలవుకి ఏ రైలెక్కుతున్నాడు, ఇవేవీ నాతో చెప్పొద్దు. 'ఫీల్డ్‌లో ఉన్నాడు' అంటే కుటుంబాన్ని తీసుకెళ్ళలేని డ్యూటీ చోటు, 'పీస్‌లో ఉన్నాడు' అంటే కుటుంబంతో ఉండగలిగే చోటు. ఆ మాట అంటే చాలు, నాకు అర్థమవుతుంది.

యాంకర్: మొదటి కాల్. హలో, చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. మావారు సిపాయి. పీస్ స్టేషన్‌లో క్వార్టర్ దొరికింది, వచ్చే నెల నన్ను తీసుకెళ్తున్నారు. నాకు హిందీ ఒక్క ముక్క రాదు. అక్కడ వెల్ఫేర్ మీట్‌కి రమ్మంటారట, ఆఫీసర్ల భార్యలు ఉంటారట. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

మేడమ్: నేను వెళ్ళిన రోజు నాకూ రాదమ్మా. పక్క క్వార్టర్‌లో ఉత్తరాఖండ్ వైపు గఢ్వాల్ ఆవిడ ఉండేది. ఆవిడకి తెలుగు రాదు, నాకు హిందీ రాదు. మా బాబుకి అర్ధరాత్రి జ్వరం ఎక్కువైతే, నేను తలుపు కొట్టగానే మారు మాట లేకుండా చెప్పులేసుకుని మాతో ఎంఐ రూమ్‌కి, అంటే యూనిట్ వైద్యశాలకి, వచ్చింది. తెల్లారేదాకా కూర్చుంది. నా హిందీ అక్కణ్ణుంచి మొదలైంది. నువ్వు వెళ్ళిన మొదటి వారంలోనే అటు రెండిళ్ళు, ఇటు రెండిళ్ళు తలుపు కొట్టి పరిచయం చేసుకో. అవసరం వచ్చాక కాదు, ముందే.

కాలర్: ఆఫీసర్ల భార్యలతో ఎలా మాట్లాడాలి మేడమ్?

మేడమ్: మర్యాదగా మాట్లాడు, భయపడుతూ మాట్లాడకు. ర్యాంక్ మీ ఆయన యూనిఫామ్ మీద ఉంటుంది, నీ నుదుటి మీద కాదు. 'ఆవా' అంటారు, సైనికుల భార్యల సంక్షేమ సంఘం, అది 1966 నుంచి ఉంది. అది సిపాయి భార్యకి కూడా చెందినదే. మీట్‌లో వెనక వరసలో కూర్చుని వచ్చేయకు. నీకు కుట్టుపని కావాలా, కంప్యూటర్ కావాలా, లేచి అడుగు. హిందీ తప్పుగా వచ్చినా అడుగు.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాతి కాలర్.

కాలర్: మేడమ్, మా పెళ్ళై ఎనిమిది నెలలైంది. పార్ట్ టూ ఆర్డర్ అయిందా అని మా వదిన అడుగుతోంది. అంటే ఏమిటి?

మేడమ్: మీ వదినకి దణ్ణం పెట్టు, మంచి ప్రశ్న అడిగింది. పెళ్ళి, పిల్లలు పుట్టడం, ఇలాంటివి ఆయన సర్వీస్ రికార్డులో ఎక్కించే ఆర్డర్ అది. అది పడేవరకు ఆఫీసు లెక్కలో నువ్వు ఆయన భార్యవి కావు. ఈ ఒక్క కాగితం లేక నెలల తరబడి తిరిగినవాళ్ళని నేను చూశాను. ఈ సెలవులోనే అడుగు. నీ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో, బ్యాంకులో, ఆయన సర్వీస్ రికార్డులో ఒకేలా ఉన్నాయా చూసుకో.

యాంకర్: ధన్యవాదాలు. హలో, చెప్పండి.

కాలర్: హలో... అమ్మా, వినబడుతోందా? నేను కోడల్ని కాదు, అత్తని. అత్తలు చేయొచ్చా?

మేడమ్: చేయొచ్చమ్మా, చెప్పండి.

కాలర్: మావాడు మిలిటరీలో. ఒక్కడే కొడుకు. కోడలు మా దగ్గరే ఉంటుంది, నాలుగు నెలల పాప. పిల్ల మంచిదే, కాదనను. కానీ పొద్దస్తమానం ఫోనే. వాడు ఫోన్ చేస్తే గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. అరగంట. బయటికొచ్చి, 'అత్తయ్యా, మీరు బాగున్నారా అని అడిగారు' అంటుంది. అంతే. నేను కన్నతల్లిని కదమ్మా. మొన్న శుక్రవారం ఏమైందంటే, మా ఆడపడుచు వచ్చింది, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, సరే ఆ సంగతి వదిలెయ్యండి. వాడి ఫోనొచ్చింది. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి కట్. ఇప్పుడు నేను అడిగేదేమిటంటే, ఫోను ముందు నాకే చేయమని వాడితో చెప్పనా? తప్పా?

మేడమ్: ఆయన ఫీల్డ్‌లో ఉన్నాడా అమ్మా?

కాలర్: ఆ, ఇదివరకు బాగానే ఉండేవాడు, ఇప్పుడు వాళ్ళని పైకి...

మేడమ్: ఆగండి. ఆగండమ్మా! ఆ ఊరి పేరు చెప్పొద్దు. ఇందాకే చెప్పాను. మీరు మంచి మనసుతోనే చెబుతారు, వినేవాళ్ళందరూ మంచివాళ్ళు కారు.

కాలర్: అయ్యో, సరే సరే. చెప్పను. ఫీల్డే.

మేడమ్: ఫీల్డ్‌లో సిగ్నల్ ఎప్పుడు దొరుకుతుందో వాడికే తెలియదు. దొరికిన పది నిమిషాల్లో మీ ఇద్దరి మధ్య తీర్పు చెప్పమని అడగకండి. ఫోన్ పెట్టేశాక ఆ మాటే బుర్రలో తిరుగుతుంటే వాడు డ్యూటీ ఎలా చేస్తాడు? కోడలు తిండి తింటోందా?

కాలర్: అదే కదా. సరిగా తినదు. వాళ్ళ యూనిట్ ఆడవాళ్ళదని వాట్సాప్ గ్రూపొకటి ఉంది. మొన్న రాత్రి అందులో ఎవరో ఏదో వీడియో పెట్టారట, ఫలానా చోట మనవాళ్ళకి దెబ్బలు తగిలాయని. రాత్రంతా ఏడ్చింది. పాప కూడా ఏడ్చింది. మర్నాడు చూస్తే అది పాత వీడియోనట.

మేడమ్: చూశారా. ఆ గ్రూపులు మంచివే, నేనే కొన్ని పెట్టించాను. కానీ అందులో ఫార్వర్డ్ వీడియో ఉండకూడదు, యూనిఫామ్‌లో ఫోటో ఉండకూడదు, 'మావాళ్ళు రేపు బయల్దేరుతున్నారు' అన్న మాట ఉండకూడదు. నిజంగా ఏదైనా జరిగితే యూనిట్ నుంచి కబురొస్తుంది, ఫార్వర్డ్‌లో రాదు. 'నా పాపకి పాలు సరిపోవట్లేదు, ఎవరైనా చెప్పండి', 'నేను ఈ రాత్రి నిద్రపోలేకపోతున్నాను, ఎవరైనా మేలుకున్నారా', గ్రూపు ఉన్నది ఇలాంటి వాటికి. మీవారు ఏం చేసేవారు?

కాలర్: ఆయన కూడా మిలిటరీయే అమ్మా. హవల్దార్‌గా రిటైరయ్యారు. కార్గిల్‌కి వెళ్ళొచ్చారు.

మేడమ్: 1999లో మీరు ఎక్కడున్నారు?

కాలర్: ఈ ఇంట్లోనే. వీడు అప్పుడు పొత్తిళ్ళలో బిడ్డ. ఇంట్లో ఫోనెక్కడిది? ఇన్‌లాండ్ కవర్ వస్తే వచ్చినట్టు. అది కూడా ఎప్పుడో రాసింది. చదువుతుంటే, రాసిన రోజు బాగున్నారు సరే, ఈ రోజు మాట ఏమిటి అనిపించేది.

మేడమ్: అప్పుడు మీ పక్కన ఎవరున్నారు?

కాలర్: మా పెద్ద తోడికోడలు. అంతకు ముందు మాకు పెద్దగా మాటల్లేవు. ఆ రెండు నెలలూ రాత్రి నా పక్కనే పడుకుంది. రేడియోలో వార్తలొచ్చే టైముకి ఏదో ఒక పని చెప్పి నన్ను దొడ్లోకి పంపేసేది. తను విని, తర్వాత మెల్లగా నాకు చెప్పేది. చాలా రోజుల వరకు నాకది తెలియలేదు. (కొద్దిసేపు మౌనం) ఆవిడ పోయి ఆరేళ్ళయింది.

మేడమ్: మీ కోడలికి ఇదంతా తెలుసా?

కాలర్: ఎప్పుడూ చెప్పలేదమ్మా. ఏముంది చెప్పడానికి.

మేడమ్: ఈ రాత్రి చెప్పండి. మీ తోడికోడలు ఉన్న చోట ఇప్పుడు మీరున్నారు. ఆ పిల్లకి ఎదురుచూడటం ఇదే మొదటిసారి, మీకు అలవాటైన పని. రాత్రి పాపని మీరు తీసుకోండి, ఆ అమ్మాయిని నాలుగు గంటలు నిద్రపోనివ్వండి. ఫోన్ పక్క గదిలో పెట్టించండి. మోగితే మీరు లేపుతారని ఆమెకి నమ్మకం కలగాలి.

కాలర్: అలాగే చేస్తాను. మరి ఫోన్ ముందు నాకు చేయమని చెప్పనా, వద్దా?

మేడమ్: అమ్మా, అదే కదా ఇంతసేపు చెప్పాను! వద్దు. ఫోనొచ్చాక మొదటి మూడు నిమిషాలు స్పీకర్‌లో పెట్టమని కోడలితో చెప్పండి. పాప గొంతు, మీ గొంతు, అన్నీ వాడు వింటాడు. తర్వాత తలుపు వాళ్ళే వేసుకుంటారు. మీరు వేయనివ్వండి. మీరు కూడా ఆ వయసులో రాసిన ఉత్తరాలు మీ అత్తగారికి చూపించి ఉండరు.

కాలర్: లేదమ్మా... నిజమే. సరే. స్పీకర్. సరే.

యాంకర్: ధన్యవాదాలమ్మా. ఇంకో కాలర్ చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు.

కాలర్: నమస్తే మేడమ్. నేను కూడా జవాన్ భార్యనే. నా స్నేహితురాలి భర్త సర్వీసులో ఉండగానే పోయారు. నెలన్నర అయింది. దహనం రోజు వెళ్ళాను, మళ్ళీ వెళ్ళలేదు. మావారు క్షేమంగా ఉన్నారు. నన్ను చూస్తే తనకి ఇంకా బాధ అవుతుందేమోనని...

మేడమ్: వెళ్ళమ్మా. రేపే వెళ్ళు. జెండా కప్పిన రోజు ఊరంతా ఉంటుంది. పెద్దకర్మ అయ్యాక ఆ ఇల్లు ఖాళీ అయిపోతుంది. తోడు కావలసింది అప్పుడే. 'వీర నారి' అని శాలువా కప్పుతారు, ఫోటోలు తీస్తారు. మర్నాడు ఆ అమ్మాయి బ్యాంకుకి ఒక్కతే నడిచి వెళ్తుంది. ఇది చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

కాలర్: వెళ్ళి ఏం మాట్లాడాలో తెలియడం లేదు.

మేడమ్: మాట్లాడక్కర్లేదు. ఒక నోటు పుస్తకం తీసుకెళ్ళు. ఎవరు ఫోన్ చేశారు, ఏ ఆఫీసు, ఏ తేదీ, ఏం కాగితం అడిగారు, అన్నీ రాసిపెట్టు. ఈ సమయంలో ఆమెకి ఏదీ గుర్తుండదు. ప్రతి కాగితానికీ జిరాక్స్ తీయించు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి, ఆయన సర్వీస్ కాగితాలుండే రికార్డ్ ఆఫీసుతో ఉత్తరాలకి తోడుండు. దళారి ఎవరూ అక్కర్లేదు. ఖాళీ కాగితం మీద ఎవరడిగినా, మామగారడిగినా, తమ్ముడడిగినా సంతకం పెట్టొద్దని చెప్పు. నామినీగా ఎవరి పేరున్నా ఫ్యామిలీ పెన్షన్ నామినేషన్‌ని బట్టి రాదు, రూల్ ప్రకారం భార్యకి వస్తుంది. ఇన్సూరెన్స్, ఫండ్ లాంటివి నామినేషన్‌ని బట్టి ఉంటాయి. ఈ రెండూ కలిపి చెప్పి భయపెట్టేవాళ్ళుంటారు.

కాలర్: ఎవరో స్పర్శ్ ఆఫీసు నుంచి అని ఫోన్ చేసి ఓటీపీ అడిగారట.

మేడమ్: ఇవ్వొద్దు! ఇచ్చిందా? లేదు కదా. స్పర్శ్ పెన్షన్ పోర్టలే, నిజమే. కానీ ఓటీపీ అడిగినవాడు మాత్రం దొంగే. ఇంకొకటి, మీ ఇంట్లో శుభకార్యం అయితే ఆమెని పిలువు. పిలిచి వెనక కూర్చోబెట్టకు.

కాలర్: అలాగే మేడమ్. రేపు వెళ్తాను.

యాంకర్: థాంక్యూ. సమయం తక్కువగా ఉంది, క్లుప్తంగా అడగండి.

కాలర్: మా అబ్బాయి అగ్నివీర్, ఇంకా పెళ్ళి కాలేదు. అమ్మల్ని ఈ గ్రూపుల్లోకి రానిస్తారా?

మేడమ్: ఎందుకు రానివ్వరు? అగ్నివీర్‌కి భార్య ఉండదు కాబట్టి ఆ టెన్షనంతా తల్లిదే. వాళ్ళకి నాలుగేళ్ళ సర్వీసు, పెన్షన్ లేదు, 48 లక్షల బీమా ఉంది. నామినీ ఎవరో మీవాణ్ణి అడిగి తెలుసుకోండి. మీ మండలంలో ఇంకో నలుగురు తల్లులుంటారు, మీరే కలపండి.

యాంకర్: చివరి కాల్. హలో?

కాలర్: (చిన్న గొంతుతో) మేడమ్, ఆయన సెలవు మీద వచ్చి పది రోజులైంది. ఎవరితోనూ మాట్లాడటం లేదు. రాత్రి ఉలిక్కిపడి లేచి బయట కూర్చుంటున్నారు. మా ఇంట్లోవాళ్ళు నన్నే అంటున్నారు. నేను ఏమీ అనలేదు మేడమ్...

మేడమ్: నీ తప్పు కాదు తల్లీ. 14416 రాసుకో. టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్. ఎన్నిగంటలకైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. సైన్యం వాళ్ళ కోసం పుణెలో 2023 డిసెంబర్ నుంచి విడిగా ఒక విభాగం కూడా ఉంది. ముందు నువ్వు చెయ్యి, ఆయన తర్వాత చేస్తాడు. చచ్చిపోతాను అన్న మాట ఏమైనా...

యాంకర్: మేడమ్, సమయం అయిపోయింది...

మేడమ్: అయితే అయింది. ఆ అమ్మాయి నంబర్ తీసి పెట్టండి, లైన్ కట్ చేయకండి. అమ్మా, ఫోన్ పెట్టకు. నేను బయటికొచ్చి నీతో మాట్లాడతాను.

యాంకర్: అలాగే మేడమ్. లైన్లో ఉండండమ్మా. నమస్కారం.