పాత పవర్ టిల్లర్ ట్యాంకుకి ఈ తుప్పు కిట్ పనికొస్తుందా? మూడు సీసాల్లో నచ్చింది ఒక్కటే

నమస్కారమండీ. ఈ డబ్బా చూస్తున్నారు కదా, డీజిల్ ట్యాంకు లోపలి తుప్పు తీసే కిట్. కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపారు. డబ్బులు తీసుకోలేదు, వీడియో ముందుగా వాళ్ళకి చూపించలేదు. లోపల మూడు సీసాలు. మొదటిది జిడ్డు కడగడానికి, రెండోది తుప్పు తీసే యాసిడ్, మూడోది ట్యాంకు లోపల పూసే పూత. కొలతలూ ధరా డబ్బా మీదే ఉన్నాయి, మీరు చూసే ఉంటారు. నేరుగా పనిలోకి వెళ్దాం.

ఇది ఎవరికి కావాలి? ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు వంశధార పక్క మడుల్లో ఇప్పటికీ దమ్ము పడుతున్న, అంటే నాట్లకి ముందు నీటి మడిని బురదగా దున్నుతున్న పాత టిల్లర్లు ఉన్నాయే, వాటికి. కేరళ కామ్కో వాళ్ళ 12 హార్స్‌పవర్ కుబోటా, బెంగళూరు వీఎస్‌టీ వాళ్ళ మిత్సుబిషి శక్తి. రెండూ జపాన్ డిజైన్లే. ఒకే సిలిండర్, పడుకోబెట్టిన ఇంజిన్, నీటితో చల్లబడేది. ఆయిల్ టైముకి మారిస్తే ఈ ఇంజిన్లు అంత తొందరగా చావవు. వాటిని చంపేది ట్యాంకులో చేరిన నీరు.

2018 అక్టోబరు తిత్లీ తుఫానులో వరద నీటిలో మునిగిన బండ్లుంటే, వాటి ట్యాంకు తప్పకుండా విప్పి చూడండి. వరద అక్కర్లేదు కూడా. సగం ట్యాంకుతో కొట్టంలో నిలబెట్టిన బండిలో, వానాకాలం రాత్రి చల్లబడగానే డీజిల్ పైనున్న ఖాళీ రేకుకి చెమ్మ పడుతుంది. డీజిల్ కన్నా నీరు బరువు కాబట్టి జారి అడుక్కి చేరుతుంది. అందుకే తుప్పు రెండు చోట్ల ఎక్కువ: పైకప్పులో ఒకటి, అడుగున కాక్, అంటే డీజిల్ వదిలే కుళాయి చుట్టూ ఒకటి. టార్చి వేసి చూసేవాళ్ళు అడుగు చూసి ఊరుకుంటారు. చిన్న అద్దం ముక్క పెట్టి పైకప్పు చూడండి, అసలు సంగతి అక్కడ తెలుస్తుంది.

ఆ తుప్పు పొడి ఫిల్టరు దాటితే పోయేది పంపు ఎలిమెంటు, అంటే డీజిల్‌ని ప్రెషరుతో నాజిల్‌కి తోసే ప్లంజరు, అది ఆడే బారెల్ జత. ప్లంజరుకీ బారెల్‌కీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. అందులో ఇసుకలాంటి తుప్పు గీత పెట్టిందంటే ప్రెషరు రాదు. ఉదయం హ్యాండిల్ ఎంత తిప్పినా స్టార్ట్ అవ్వదు. నాజిల్ మార్చి, ఎలిమెంటు మార్చి, మళ్ళీ అదే ట్యాంకు బిగించేస్తే ఆ కొత్త సామాను కూడా ఒక్క సీజనే.

ఇక సీసాలు. మొదటిది, జిడ్డు కడిగేది, పావు లీటరు. ట్యాంకేమో పది పన్నెండు లీటర్లు పట్టేది. చాలదు. పైగా దాని అవసరమే లేదు. లీటరు వేడినీళ్ళకి 50 గ్రాముల బట్టల సోడా కలిపి, సగం ట్యాంకు పోసి, పది నిమిషాలు ఊపి, రెండుసార్లు కడిగితే చాలు. ఈ పని మానేస్తే మాత్రం ఎంత మంచి యాసిడ్ అయినా దండగే. డీజిల్ పొర ఉన్న తుప్పుని యాసిడ్ తాకదు. కడిగిన ట్యాంకులో నీళ్ళు పోసి వంచితే రేకు మీద నీరు పరుచుకోవాలి. ముత్యాల్లా చుక్కలు కట్టిందంటే ఇంకా జిడ్డుందని అర్థం.

రేకుల్లా లేచిన తుప్పుని యాసిడ్ కన్నా ముందే రాల్చాలి. చాలామంది కంకర పోసి ఊపుతారు. వద్దండీ. కంకర విరిగి ముక్కలు మడతల్లో ఇరుక్కుంటాయి. నట్లు వేస్తే లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి. అన్నిటికన్నా మంచిది మీటరు పొడవు సన్నటి ఇనుప గొలుసు. ఒక కొస చేతిలో పట్టుకుని, మిగతాది లోపలికి వదిలి ఊపండి. గొలుసంతా మళ్ళీ బయటికొస్తుంది, లోపల ముక్క మిగలదు.

రెండో సీసా గురించి కొంచెం సేపు మాట్లాడాలి. ఈ కిట్టులో నాకు నచ్చింది ఇదే, బాగా నచ్చింది. ఇది ఫాస్ఫారిక్ యాసిడ్. ఒక పాలు యాసిడ్‌కి నాలుగు పాళ్ళు నీళ్ళు అని రాశారు. ముందు బకెట్లో నీళ్ళు పోసి, అందులో యాసిడ్ పోయండి. తిరగేసి చేయొద్దు. రబ్బరు గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. ట్యాంకు బండి మీద నుంచి దింపండి. కాక్, జల్లెడ, మూత అన్నీ విప్పేయండి. కాక్ రంధ్రానికి సైకిల్ ట్యూబు ముక్క వాషరుగా వేసి బోల్టు బిగించండి. ఐదు లీటర్ల ద్రావణంతో ట్యాంకు నిండదు కాబట్టి అరగంటకోసారి పక్క మార్చాలి. పైకప్పు తడవాలంటే తలకిందులుగా పెట్టాలి. మూత రంధ్రం గట్టిగా బిగించి వదిలేయకండి, లోపల హైడ్రోజన్ గ్యాసు పుడుతుంది. అప్పుడప్పుడు తెరిచి వదలండి. దగ్గర్లో బీడీ, సిగరెట్టు వద్దు.

నాలుగు గంటల్లో ఎర్ర తుప్పు పోయి బూడిద రంగు రేకు కనపడింది. సంగతేమిటంటే ఇది తుప్పుని కరిగించడంతో ఆగదు, ఇనుము మీద ఐరన్ ఫాస్ఫేట్ పొర కూడా వేస్తుంది. ఆ బూడిద రంగు అదే. ఈ పొర విలువ తెలియాలని పక్కనే రెండో ట్యాంకు పెట్టి, దానికి నిమ్మ ఉప్పు వాడాను. కిరాణా హోల్‌సేల్‌లో దొరికే సిట్రిక్ యాసిడ్, కిలో నిమ్మ ఉప్పుకి పది లీటర్ల గోరువెచ్చని నీళ్ళు. ట్యాంకు నిండుగా పోస్తాం కాబట్టి పక్కలు మార్చే పని లేదు. ఒక రాత్రి ఉంచితే తుప్పు శుభ్రంగా పోయింది. కానీ కడిగి ఆరబెడుతుండగానే, జూలై వాన గాలికి గంటలోపు రేకంతా నారింజ రంగు తిరిగింది. ఫాస్ఫారిక్ ట్యాంకు మర్నాడు కూడా బూడిద రంగులోనే ఉంది. మన దగ్గర వానాకాలంలో పని చేసుకునేవాడికి ఈ ఒక్క తేడా చాలా పెద్దది.

ఈ సీసా కాగితంలో ఒక్క మాట మాత్రం తప్పు. కడగకుండా అలాగే ఆరనివ్వమన్నారు. పెట్రోలు బండికి అది నడుస్తుందేమో గానీ డీజిల్ పంపుకి ఒప్పుకోను. ఆరిన చోట జిగురుగా, తెల్ల పొడిగా మిగులుతుంది, అది పంపులోకే పోతుంది. ఇలా చేయండి. యాసిడ్ ఒంపేసి, రెండుసార్లు నీళ్ళతో కడగండి. తర్వాత రెండు లీటర్ల నీళ్ళలో 100 మిల్లీలీటర్ల కొత్త యాసిడ్ కలిపి ఒక్కసారి తిప్పి ఒంపేయండి. వెంటనే బ్లోయరుతో వేడిగాలి కొట్టి ఆరబెట్టండి. దీనికి వంటసోడా కడుగు వద్దు, సోడా నీళ్ళు తగిలిన రేకు ఆరేలోపే మళ్ళీ తుప్పు మొదలవుతుంది. ఆరాక లీటరు డీజిల్ పోసి ఊపి, ఆ డీజిల్ పారేయండి. వాడేసిన యాసిడ్‌లో, ట్యాంకులో కాదు, బయట బకెట్లో, పొంగు ఆగేదాకా సోడా కలిపాకే పారబోయండి. మడి గట్టు మీద, గెడ్డలో, అంటే వాగులో పోయకండి.

మన వైపు ఇంకో పాత పద్ధతి ఉంది, పాడైన బెల్లం నీళ్ళు. చక్కెర మిల్లు మడ్డి, అదే మొలాసిస్, దొరికితే ఒక పాలుకి పది పాళ్ళ నీళ్ళు. ఇనుముకి ఏ హానీ లేదు, కాకపోతే వారం రెండు వారాలు పడుతుంది, వాసన వస్తుంది. దమ్ము సీజన్‌లో అన్ని రోజులు బండి ఆపలేం. రోటవేటర్ బ్లేడ్లు, బోల్టులు నానబెట్టడానికైతే నేను దాన్నే చెప్తాను. కరెంటు పద్ధతి, అంటే సామాను సోడా నీళ్ళలో ముంచి బయటున్న బ్యాటరీ ఛార్జరు తీగలు తగిలించేది, బయటి సామానుకి చాలా మంచిది. నెగటివ్ మన వస్తువుకి, పాజిటివ్ పనికిరాని ఇనుప ముక్కకి. స్టీలు గ్లాసు, స్టీలు గరిటె మాత్రం పెట్టొద్దు, స్టెయిన్‌లెస్ నుంచి విషపు క్రోమియం నీటిలోకి దిగుతుంది.

ఇప్పుడు మూడో సీసా. దీని మీద నాకు కోపంగానే ఉంది. రెండు భాగాలు కలిపి లోపల తిప్పే పూత. ఇలాంటి కిట్లు పెట్రోలు ట్యాంకుల కోసం పుట్టినవి. మోటారు సైకిళ్ళకీ, 1961లో వచ్చిన కబ్ క్యాడెట్ లాంటి అమెరికా గార్డెన్ ట్రాక్టర్లకీ అది సరిపోవచ్చు. ఆ ట్రాక్టర్లు ఏడాదిలో ఎన్నో నెలలు షెడ్డులో ఊరికే ఉంటాయి. టిల్లరు ట్యాంకు ఇంజిన్ మీదే కూర్చుంటుంది, గంటల తరబడి ఒకే సిలిండరు కొట్టే అదురు భరిస్తుంది. జిడ్డు ఒక్క చోట మిగిలినా, తడి ఒక్క మడతలో ఉన్నా, ఆ చోట పూత బుడగ కడుతుంది. తర్వాత పొరలుగా ఊడుతుంది. ఊడిన పొర నేరుగా వచ్చి కాక్ నోటికి అడ్డం పడుతుంది. తుప్పు పొడైతే ఫిల్టరు ఆపుతుంది, ఈ పొర ఫిల్టరు దాకా రాకముందే దారి మూసేస్తుంది.

ఆరడానికి నాలుగు రోజులన్నారు. పొడి గాలి ఉంటే సరే. తేమలో పైన గట్టిపడి లోపల మెత్తగా ఉండిపోయింది, వేలి గోరుతో నొక్కితే దిగింది. ఇంకో తలనొప్పి, మిగిలిన పూత కిందకి జారి కాక్ మరల్లో గడ్డకట్టింది. కాగితంలో దాని మాటే లేదు. పూయాల్సే వస్తే మరలకి గ్రీజు రాసిన పాత బోల్టు బిగించి, పూత కాస్త చిక్కబడగానే విప్పండి. జల్లెడ కూర్చునే గాడిని గుడ్డతో తుడిచేయండి.

పూత ఎప్పుడు పనికొస్తుందంటే, సూది బెజ్జాలు ఉన్న ట్యాంకుకి, వేసవిలో, అంతే. పెద్ద చిల్లుకి టంకం లేదా బ్రేజింగే, అంటే ఇత్తడి కరిగించి అతికించడమే పద్ధతి. ఖాళీ డీజిల్ ట్యాంకుకి మంట చూపించడం ప్రాణాల మీదికి వస్తుంది. ముందు సోడా నీళ్ళతో కడిగి, చిల్లు ఉన్న చోటు పైకి వచ్చేలా పెట్టి, దాని అంచు కింద దాకా నీళ్ళు నింపించాకే వెల్డరుని చేయి వేయనివ్వండి. అతుకు వేయడానికి జీఐ రేకు, అంటే జింకు పూత ఉన్న రేకు వద్దు. జింకు డీజిల్‌తో కలిసి సబ్బులాంటి మడ్డి తయారవుతుంది, అది నాజిల్‌ని పట్టేస్తుంది.

ట్యాంకు ఎక్కించాక డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీయడం తెలిసిందే. కాక్ తెరిచి, ఫిల్టరు స్క్రూ వదులు చేసి బుడగలు ఆగాక బిగించడం, తర్వాత పంపు స్క్రూ, చివర్న నాజిల్ పైపు నట్టు అర చుట్టు వదిలి, యాక్సిలరేటరు పూర్తిగా పెట్టి హ్యాండిల్ తిప్పడం. ఫిల్టరు కొత్తది వేయండి, పాతదాన్ని కడిగి పెట్టకండి.

ఒక్క లక్షణం గుర్తుంచుకోండి. బండి స్టార్టయి రెండు మూడు నిమిషాలు నడిచి ఆగిపోతుంది, పది నిమిషాలు ఆగితే మళ్ళీ నడుస్తుంది. అప్పుడు పంపు విప్పకండి. ట్యాంకు మూత వదులు చేసి నడపండి. ఆగకుండా నడిస్తే మూతలోని గాలి బెజ్జం మూసుకుపోయింది, సన్నటి తీగతో పొడిస్తే తీరిపోతుంది. అప్పుడూ ఆగిపోతే కాక్ దగ్గర పైపు ఊడదీసి చూడండి, ధార సన్నగా ఉంటే అడ్డు ట్యాంకులోనే ఉంది.

నా తీర్పు: రెండో సీసా విడిగా అమ్మితే కళ్ళు మూసుకుని కొనండి. కిట్టు మొత్తం కొనమని నేను చెప్పను. ఇప్పటికే కొన్నవాళ్ళు, ట్యాంకుకి చిల్లు లేకపోతే, మూడో సీసా మూత తెరవకండి. పని అయ్యాక సాయంత్రమే ట్యాంకు నింపి పెట్టండి, చెమ్మ పట్టే ఖాళీ ఉండదు. డ్రమ్ములోంచి పైపుతో లాగేటప్పుడు అడుగు నాలుగు వేళ్ళ డీజిల్ వదిలేయండి. వారానికోసారి, బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక, ఉదయం స్టార్ట్ చేయకముందే అడుగు నుంచి అర గ్లాసు డీజిల్ గాజు సీసాలోకి వదిలి చూడండి. కింద నీటి గీత కనపడితే, అది పోయేదాకా వదలండి.