మ్యాచ్ టికెట్టే రైలు టికెట్టు

అందరికీ నమస్కారం. ముందు ఒక గోల్‌పోస్టు గురించి చెబుతాను. ఇంగ్లండు ఉత్తర భాగంలో కార్లైల్ అనే ఊరుంది. 2015 డిసెంబరులో డెస్మండ్ తుపానుకు అక్కడి బ్రంటన్ పార్క్ ఫుట్‌బాల్ మైదానంలో నీళ్లు గోలు అడ్డకమ్మీ దాకా లేచాయి. ఆ కమ్మీ ఎత్తు 8 అడుగులు. కొన్ని వారాల పాటు కార్లైల్ జట్టు తన సొంతగడ్డ మ్యాచ్‌లను వేరే ఊళ్ల మైదానాల్లో ఆడాల్సి వచ్చింది.

వాతావరణం చెడితే ఆటా మునుగుతుంది. మరి ఆ చెడులో ఆట వంతు ఎంత?

ఈ మాట అడిగితే క్లబ్బులు ముందు స్టేడియం చూపిస్తాయి. చూడదగ్గదే. ఇంగ్లండులోనే నేల్స్‌వర్త్ అనే చిన్న ఊళ్లో ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ క్లబ్బు ఉంది. 2010లో అది పచ్చ కరెంటు వ్యాపారి డేల్ విన్స్ చేతికొచ్చాక స్టేడియం పైకప్పు మీద సోలార్ పలకలు వచ్చాయి, పచ్చికకు పురుగుమందులు ఆగిపోయాయి. 2015 నుంచి ఆటగాళ్లకూ ప్రేక్షకులకూ మాంసం, పాలు లేని తిండే. మ్యాచ్ చూస్తూ మాంసం కూరిన వేడివేడి ‘పై’ రొట్టె తినడం అలవాటైన దేశంలో అదెంత తెగింపో ఊహించండి. నాకు ఆ క్లబ్బంటే గౌరవం.

కానీ ఆట వల్ల గాల్లో కలిసే కర్బన వాయువుల పద్దులో పెద్ద భాగం గేటు బయటే ఉంటుంది. అభిమానులు కార్లలో వస్తారు, జట్లు విమానాల్లో ఎగురుతాయి. 2022 సెప్టెంబరులో పారిస్ సెయింట్ జర్మేన్ జట్టు ఫ్రాన్స్‌లోనే ఉన్న నాంత్ నగరానికి విమానంలో వెళ్లింది. అక్కడి వేగపు రైలు టీజీవీ ఎక్కితే రెండు గంటల చిల్లర ప్రయాణం. రైల్లో ఎందుకు వెళ్లలేదని విలేకరి అడిగితే ఆ జట్టు ఆటగాడు ఎంబాపే పగలబడి నవ్వాడు. అప్పటి కోచ్ గాల్టియే, గాలికి ఇసుక మీద నడిచే తెరచాప బండ్లలో వెళ్లొచ్చేమో చూస్తున్నామని వెటకారమాడాడు. విలేకరి అడిగింది న్యాయమైన ప్రశ్న. ఆ నవ్వు నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. పైగా 2024-25లో ఐరోపా దేశాల క్లబ్బులు ఆడే చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు 125 నుంచి 189కి పెరిగాయి, అంటే ప్రయాణాలూ పెరిగినట్టే.

దారి లేక కాదు. జర్మనీలో చాలా క్లబ్బుల మ్యాచ్ టికెట్టే ఆ రోజుకు బస్సు, ట్రామ్, లోకల్ రైలు టికెట్టు కూడా. ఇంటి దగ్గర ట్రామ్ ఎక్కి, స్టేడియం ముందు దిగి, అదే కాగితం గేటు దగ్గర చూపిస్తారు. ప్రయాణపు ఖర్చు టికెట్టులోనే కలిసి ఉంటుంది కాబట్టి కారు బయటికి తీయాల్సిన అవసరం తగ్గుతుంది.

లండన్‌లో, మాంచెస్టర్‌లో మ్యాచ్‌లకు వెళ్లే మనవాళ్లకు ఒక్క మనవి. మీ క్లబ్బుకు ఉత్తరం రాయండి. సోలార్ పలకల గురించి తర్వాత అడుగుదురు గాని, ముందు ఈ టికెట్టు గురించి అడగండి.