మదింపుకు ముందు రోజు మా ఎడిసన్ ఇల్లు

అందరికీ నమస్కారం, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ఎడిసన్ నుంచి. కెమెరా ఇటు తిప్పుతున్నాను, చూడండి. ఇండియా ప్రయాణాల సూట్‌కేసులు, మొత్తం పదకొండు. పొద్దున్నే లేచి మావారూ నేనూ వీటిని పడకగది క్లాజెట్ (బట్టల అర) నుంచి గరాజులోకి మోస్తున్నాం. ఇన్నేళ్లూ అవి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్న చోట పైకి చూస్తే, అదిగో, ఆ చదరపు చెక్క మూత. అది మా ఇంటి అటకకు దారి.

రేపు పది గంటలకు అప్రైజర్, అంటే ఇంటి విలువ మదింపు చేసేవారు, వస్తున్నారు. మా ఇల్లు కొంటున్న వాళ్లు ఎఫ్‌హెచ్‌ఏ రుణం, అంటే ప్రభుత్వ సంస్థ బీమా ఉన్న గృహరుణం, తీసుకుంటున్నారు. ఆ రుణానికి మదింపు చేసేవారు కనీసం తల, భుజాలు పట్టేంతవరకు అటకలోకి వెళ్లి చూడాలి. పైకప్పు కారిన మరకలు ఉన్నాయా, వాసాలు బాగున్నాయా, గాలి ఆడుతోందా అని చూస్తారు. దారికి సూట్‌కేసులు అడ్డం ఉంటే ఆయన మరోసారి రావాలి, మన రిజిస్ట్రేషను వెనక్కి జరుగుతుంది. ఇల్లు అమ్ముకునే మన తెలుగువాళ్లందరికీ నేను మొదట చెప్పేది ఇదే: పరదాలు మార్చే ముందు దారులు ఖాళీ చేయండి. అటక, ఇల్లు వెచ్చబరిచే ఫర్నేసు, నీళ్ల హీటరు, కరెంటు పెట్టె, వీటన్నిటి దగ్గరికీ మనిషి నడిచి వెళ్లగలగాలి.

ఇల్లు మనదే అయినా ఈ మదింపు మన కోసం కాదు, కొనేవాళ్లకు అప్పిచ్చే బ్యాంకు కోసం. అప్రైజర్‌ను పెట్టుకునేది కూడా ఆ బ్యాంకే. 2010లో వచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టం ప్రకారం ఫలానా ధర రాయమని ఆయన మీద ఎవరూ ఒత్తిడి తేకూడదు. కాగితాలు చేతికి ఇవ్వవచ్చు, అడిగినదానికి జవాబు చెప్పవచ్చు, అంతవరకే.

ఇప్పుడు బయటికి రండి. ఈ కిటికీ చట్రం చూడండి. మూడు వారాల కిందట ఇక్కడ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉండేది, వేలితో తాకితే రాలేది. మా ఇల్లు 1966లో కట్టింది. 1978కి ముందు కట్టిన ఇళ్ల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి, ఎఫ్‌హెచ్‌ఏ రుణంలో పెచ్చులూడిన రంగు కనిపిస్తే దాన్ని బాగుచేసే వరకు అప్పు ముందుకు కదలదు. కొనేవాళ్లకు రెండేళ్ల పాప ఉంది. ఆ పాప ఈ కిటికీ దగ్గరే నిలబడి వీధిలోకి చూస్తుంది కదా! అందుకే సొంతంగా గీకకుండా, సీసం పనికి ధ్రువపత్రం ఉన్న పెయింటరును పిలిచాం. డబ్బు ఎక్కువే అయింది. ఈ అమ్మకంలో నాకు అత్యంత తృప్తినిచ్చిన ఖర్చు మాత్రం అదే.

వంటగదిలో పొయ్యి వెనక పలకల సందుల్లో పదేళ్ల పసుపు. వంటసోడా ముద్దలా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో సందు సందునా రుద్ది, అరగంట వదిలేసి తుడిచాను. ఈ మూల ఇంకా లేత పసుపు మిగిలింది. తాలింపు పొగకు పై అరల తలుపులు జిడ్డుపట్టి ఉంటే వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో పోయింది. నిజానికి జిడ్డు చూసి ధర తగ్గించరు. ఇంటి స్థితిని సీ1 (సరికొత్తది) నుంచి సీ6 (బాగా దెబ్బతిన్నది) వరకు అంచనా వేస్తారు, వంటగదినీ స్నానాల గదులనూ మార్చారా లేదా అని రాస్తారు. ఆ సంగతి చెప్పాల్సింది కాగితం.

మా కాగితం ఒకే పేజీ. పైకప్పు 2019, ఫర్నేసు 2021, వంటగది 2016, ఒక్కోదానికి రశీదు. పేజీ చివర బేస్‌మెంటు (నేల మట్టానికి కింద ఉన్న గది) పనికి తీసుకున్న పర్మిటు. వినాయక చవితికి నలభై మంది కూర్చుని భోజనం చేసిన చోటు అది. మాకు అది ఇంట్లో సగం. కానీ నేల మట్టానికి కింద ఉన్నది పై అంతస్తుల చదరపు అడుగుల్లో కలవదు. దాన్ని విడిగా కొలిచి, విడిగా విలువ కడతారు. ఈ మాట మా ఏజెంటు మొదటి రోజే చెప్పినప్పుడు మనసు చివుక్కుమంది. ఇంకొకటి: పక్క వీధిలో ఒక ఇల్లు ఈమధ్య బాగా తక్కువకు పోయింది. అది అన్నదమ్ముల మధ్య జరిగిన అమ్మకం, కాబట్టి ఆ ధర బజారు ధర కాదు. చుట్టుపక్కల అమ్ముడైన ఇళ్లతో పోల్చే లెక్కలో అది పొరపాటున చేరకుండా ఆ వివరం కూడా ఏజెంటు రాసి ఇస్తున్నారు.

ఇక దేవుడి అర. చాలామంది స్నేహితులు పటాలు తీసి పెట్టెలో పెట్టమన్నారు. దీపం మసి తుడిచాను, నూనె మరక పోయేలా పలకను కడిగాను, వాడిన పూలు తీశాను. పటాలు మాత్రం కదపలేదు. మతాన్ని బట్టి తేడా చూపకూడదని 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఉన్న దేశంలో, మేము ఇంకా నివసిస్తున్న ఇంట్లో వేంకటేశ్వరస్వామిని దాచడానికి నాకు మనసొప్పలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం ఇది. ఆయన వచ్చి వెళ్లారు. బూట్లకు తొడుగులు వేసుకుని, బయటి గోడల చుట్టూ తిరిగి కొలతలు తీసుకున్నారు. క్లాజెట్‌లో నిచ్చెన వేసి మూత ఎత్తి, లైటు వేసి చూశారు. కాగితం తీసుకుని, ఫర్నేసు ఏడాది ఒక్కటే అడిగారు. నివేదిక బ్యాంకుకు వెళ్తుంది, మాకు కొనేవాళ్ల ద్వారానే తెలుస్తుంది. ఏదైనా మరమ్మతు రాస్తే ఇంకోసారి చూడడానికి వస్తారు. అందుకే సూట్‌కేసులు ఇంకా గరాజులోనే ఉన్నాయి.