79 దగ్గర లంగరు

శ్రోతలకు నమస్కారం.

పోయినేడు సార్వా నాట్లప్పుడు నా బరువు 86 కిలోలు. మోకాళ్ళు రెండూ మొరాయిస్తుంటే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. "మందు రాస్తాను గానీ మేష్టారూ, ముందు మీరు కాస్త తేలికవ్వాలి" అన్నారాయన. మర్నాటి నుంచే కాలవగట్టు పట్టుకున్నాను. పొద్దున్నే గంట నడక. రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు. టీలో పంచదార బంద్. దీపావళి దాటేసరికి 79కి దిగాను. ఎదురైనవాళ్ళల్లా "ఏంటి మేష్టారూ, చిక్కిపోయారు, షుగరొచ్చిందేంటి?" అని పరామర్శ. మన వైపు ఒళ్ళు తగ్గిందంటే జబ్బు చేసినట్టే లెక్క గదా! ఆ పరామర్శలకి లోలోపల మురిసిపోయానని ఒప్పుకోవాలి.

అక్కడ ఆగిపోయింది. 79.2. 78.8. 79.4. నడక అదే, పుల్కాలు అవే. సంక్రాంతి వచ్చి వెళ్ళింది. అరిసెల డబ్బా జోలికి రెండుసార్లు వెళ్ళిన మాట నిజమే గానీ, పాపం అంతా వాటి మీద తోసెయ్యలేం. లంగరేసిన పడవలాగా ముల్లు అక్కడే ఊగుతోంది. పండక్కొచ్చిన మా బావమరిది "ఆ పుల్కాలు కూడా మానెయ్యండి బావగారూ, దానంతటదే దిగుతుంది" అన్నాడు. మానేశాను. పది రోజులు.

పొద్దున గంట నడిచొచ్చి అరుగు మీద పడక్కుర్చీలో కూలబడితే ఇక లేవబుద్ధయ్యేది కాదు. అంతకుముందు పేపరు కోసం సెంటరు దాకా నేనే వెళ్ళేవాణ్ణి. ఆ పని మనవడికి అప్పజెప్పాను. పెరట్లో కొబ్బరి మట్ట రాలితే ఈడ్చుకెళ్ళి గోడవార పడేసేవాణ్ణి. ఇప్పుడు దాన్ని చూస్తూ కూర్చుంటున్నాను. మన కోనసీమ చలి ఏపాటిదండీ, దానికే దుప్పటి కప్పుకున్నాను. అయినదానికీ కానిదానికీ చిరాకు. ముల్లు మాత్రం 79.

మా పక్కింటాయన నీటిపారుదల శాఖలో లస్కరుగా చేసి రిటైరయ్యాడు. లాకుల దగ్గర, తలుపుల దగ్గర బతుకంతా గడిపిన మనిషి. నా గోడు విని నవ్వాడు. "గోదాట్లో నీళ్ళు తగ్గితే మేం ఏం జేస్తామండీ? దాళ్వాకి వంతులు పెడతాం. ఇన్ని రోజులు ఈ కాలవకి, ఇన్ని రోజులు ఆ కాలవకి. చేలు ఎండకుండా చూస్తాం, అంతే. మీ ఒళ్ళు కూడా వంతులు పెట్టుంటది, ఆయ్!"

సైన్సు చెప్పేదీ అదే. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకి 24 వారాల పాటు అర్ధాకలి తిండి పెట్టి చూశాడు. వాళ్ళూ ఇష్టపడి ఒప్పుకున్నవాళ్ళే. బరువు తగ్గింది, దాంతోపాటు కదలికలూ మందగించాయి. చలికి ఓర్చుకోలేకపోయారు, దేని మీదా ఆసక్తి లేకుండా పోయింది, పొద్దస్తమానం తిండి ధ్యాసే. ఒంటికి రాబడి తగ్గితే ముందు గుండెకీ మెదడుకీ నీళ్ళు వదిలి, శివారు చేలకి తలుపు దించేస్తుంది. కొబ్బరి మట్ట ఈడ్చే ఓపిక నా శివారు చేను. గంట నడకతో ఖర్చు పెట్టింది, మిగిలిన పొద్దంతా కుర్చీలో కూర్చుని మిగిల్చేశాను.

ఇంకో లెక్క చూడండి. మనిషి ఒక కిలో తగ్గితే అతని ఒంటికి రోజువారీ ఖర్చు సుమారు 20 నుంచి 30 కేలరీలు తగ్గుతుంది. ఏడు కిలోల తేలిక మనిషిని మోయడానికి తక్కువ ఇంధనం చాలు మరి. నా ఏడు కిలోలకి రోజుకి దగ్గర దగ్గర 180. ఆకలి అంతకు మూడింతలకి పైగా పెరుగుతుంది, అందుకే రాత్రి పదింటికి వంటింట్లో డబ్బాల మూతలు చప్పుడవుతాయి. 86 కిలోల నన్ను తగ్గించిన తిండి, 79 కిలోల నాకు సరిగ్గా సరిపోయే తిండన్నమాట.

180 కేలరీలంటే ఎంత? నాలుగు టీ చెంచాల నూనె. లేదా అరచేతిలో పట్టే కొబ్బరి ముక్క: తాజా కొబ్బరి వంద గ్రాములకి 350 కేలరీల పైమాటే. మరి మనం పచ్చట్లో, కూరలో, ఆఖరికి పులుసులో కూడా కొబ్బరి పడాలనే వాళ్ళమాయె.

అప్పుడు మా ఇంట్లో నూనె ఎంత అవుతోందని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. "నలభై ఏళ్ళు నా చేతి వంట తిని ఇప్పుడు లెక్కలడుగుతారేంటండీ" అంది మా ఆవిడ. తర్వాత తనే కిరాణా చీటీ తీసి చూపించింది. ముగ్గురం ఉంటాం, నెలకి అయిదు లీటరు ప్యాకెట్లు. మనిషికి రోజుకి 50 గ్రాములు, గ్రాముకి 9 చొప్పున 450 కేలరీలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు చెప్పేది 30 గ్రాముల లోపే. "రెండు పుల్కాలే" అని నేను ఊరంతా చెప్పుకుంటున్నానే, వాటి పక్కన కూర ఏ నూనెలో ఈదుతోందో చూసుకోలేదు.

ఈ గుడ్డితనం నా ఒక్కడిదే కాదులెండి. తక్కువ తింటున్నా తగ్గడం లేదనే మనుషుల్ని అమెరికాలో పరీక్షించి 1992లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళు తిన్నదాంట్లో దాదాపు సగం లెక్కకి రాలేదు. కష్టపడింది మాత్రం ఒకటిన్నర రెట్లు చెప్పుకున్నారు. అబద్ధం ఆడాలని కాదు. వడ్డించేటప్పుడు పడే నెయ్యినీ, పెళ్ళిలో "ఒక్కటి, మా మాట కోసం" అని ఆకులో పడే బూరెనీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఇప్పుడు మా ఆవిడ పొద్దున్నే చిన్న స్టీలు గ్లాసులో వంద మిల్లీలీటర్ల నూనె కొలిచి పొయ్యి పక్కన పెడుతుంది. ముగ్గురికీ రోజంతటికీ అదే. వంకాయ వేపుడు చేసిన రోజు పదింటికల్లా గ్లాసు ఖాళీ, సాయంత్రానికి చారూ మజ్జిగా. నెలకి మూడు ప్యాకెట్లు అవుతున్నాయి. రాత్రి పుల్కాలు తిరిగొచ్చాయి, వాటితో కోడిగుడ్డో, కొర్రమీను పులుసో. తిండి తగ్గించిన ఒంట్లో కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. నా వయసులో పోయిన కండ ఓ పట్టాన తిరిగిరాదు. అందుకని పప్పూ, పెరుగూ, చేపా తగ్గించొద్దన్నారు డాక్టరుగారు. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పది సార్లు, నీళ్ళ బకెట్లు మొయ్యడం, వారానికి మూడు రోజులు. మొదటి వారం కుర్చీ నన్ను చూసి నవ్వింది.

ఒక ముక్క మర్చిపోకూడదు. ముల్లు ఆగిన ప్రతిసారీ నిజంగా ఆగినట్టు కాదు. ఒంట్లో పిండి నిల్వ ఒక గ్రాము చేరితే దాంతో మూడు గ్రాముల నీరు చేరుతుంది. ఆవకాయన్నం తిన్న మర్నాడు కిలో పెరిగితే అది ఉప్పు పట్టి ఉంచిన నీరే. రోజూ చూసి బెంగపడేకన్నా వారం సగటు చూసుకోవాలి, నడుం కొలుచుకోవాలి. నాలుగైదు వారాలు రెండూ కదలకపోతేనే ఆగినట్టు. అన్నీ సరిగ్గా ఉన్నా కదలకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రలు, స్టెరాయిడ్లు కూడా బరువు పెంచుతాయి. మీకు మీరే మానెయ్యకండి, రాసినాయన్నే అడగండి.

శివరాత్రి వెళ్ళాక ముల్లు 78 కిందకి దిగింది. వేసవిలో కాలవలు కట్టేసే నాటికి 76, మళ్ళీ అక్కడే ఆగింది. ఈసారి దుప్పటి కప్పుకోలేదు. బెల్టుకి కన్నాలు అయిపోయాయి. రేపు సెంటర్లో చెప్పులు కుట్టే అబ్బాయి దగ్గరికి వెళ్ళి ఇంకోటి పొడిపించుకోవాలి. నడిచే వెళ్తాను, పేపరు కూడా తెచ్చుకోవచ్చు.