ముట్లుడిగాక కొవ్వు చేసే పని

శ్రోతలకు నమస్కారం.

పోయిన వేసవిలో గుంటూరు కొత్తపేటలో నన్ను చూడడానికి ఒక పెద్దావిడ వచ్చారు. 62 ఏళ్లు. ముట్లుడిగి పదేళ్లు దాటింది. రెండు నెలలుగా చీరకు చిన్నచిన్న మరకలు. "వేడి చేసిందనుకున్నా డాక్టరమ్మా, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగుతున్నా" అన్నారు. మన ఎండలకు ఎవరైనా అలాగే అనుకుంటారు. పరీక్ష చేస్తే గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్.

"పొగాకు ముట్టలేదు, వక్క కూడా నమలను. నాకెందుకొచ్చిందమ్మా?" అని అడిగారు. పొగాకు బోర్డు ఉన్న ఊరు మనది. క్యాన్సరంటే ముందు అదే గుర్తొస్తుంది. కానీ ఆవిడ నడుముకు టేపు పెడితే 104 సెంటీమీటర్లు. మన ఆడవాళ్లకు 80 దాటకూడదంటాం.

ఒంట్లో కొవ్వు ఊరికే పడి ఉండదు, హార్మోన్లు తయారుచేస్తుంది. అండాశయాలు పని మానేశాక కూడా కొవ్వులోని ఆరొమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌ను పుట్టిస్తూనే ఉంటుంది. దానికి పగ్గం వేసే ప్రొజెస్టిరాన్ అప్పటికి ఉండదు. దాంతో గర్భసంచి పొర ఆగకుండా పెరుగుతుంది. కణం రెండుగా చీలిన ప్రతిసారీ జన్యువుల నకలులో తప్పు దొర్లే వీలుంది. అలాంటి తప్పులు పోగైతేనే క్యాన్సర్.

పొట్ట చుట్టూ కొవ్వు చేరితే ఇన్సులిన్ మాట కండరాలు సరిగా వినవు. క్లోమం ఇంకా ఎక్కువ పోస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ కణాలను పెరగమని తొందరపెడుతుంది. గ్రోత్ హార్మోన్ చెబితే కాలేయం తయారుచేసే ఐజీఎఫ్-1 అనే, ఇన్సులిన్‌ను పోలిన ఇంకో హార్మోన్ కూడా ఇదే పని చేస్తుంది.

ఈక్వడార్ దేశంలో లారోన్ సిండ్రోమ్ ఉన్న కుటుంబాలున్నాయి. వాళ్ల ఒంట్లో గ్రోత్ హార్మోన్ ఉంటుంది, దాన్ని అందుకునే గ్రాహకం పనిచేయదు. ఐజీఎఫ్-1 బాగా తక్కువ, మనుషులు పొట్టి. అలాంటి 99 మందిని 22 ఏళ్లు గమనించి 2011లో ఫలితాలు ప్రచురించారు. క్యాన్సర్ ఒక్కరికే వచ్చింది, మధుమేహం ఎవరికీ లేదు. వాళ్లలో లావుగా ఉన్నవాళ్లు చాలామందే! ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఒక్క మనవి. తీపి మానేస్తే క్యాన్సర్ ఎండిపోతుందని విని, చికిత్స మధ్యలో అన్నం కూడా మానేసి నీరసించిపోయినవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

ఆ పెద్దావిడకు జబ్బు తొలిదశలోనే దొరికింది, గర్భసంచి తీసేశారు. పోయిన నెల చూపించుకోవడానికి వస్తూ ఆడపడుచును వెంటబెట్టుకొచ్చారు. ఆమెకూ మూడు నెలలుగా మరకలు కనబడుతున్నాయట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట.