కనపడకుండా పోవాలంటే కాంతితో బేరం

అందరికీ నమస్కారం. హనుమకొండలో సైన్స్ డే సభ కాబట్టి రామన్ గారి గురించి చెబుతానని అనుకుని ఉంటారు. ఆయన చెదిరిన కాంతిలో రంగు మారడం పట్టుకున్నారు. ఈ రోజు నేను అసలు చెదరని కాంతి గురించి మాట్లాడతాను.

ఇదిగో, ఈ గ్లాసులో గ్లిజరిన్ ఉంది. ల్యాబ్‌లో వాడే బోరోసిలికేట్ గాజు కడ్డీ ముంచుతున్నాను. మునిగిన భాగం కనపడుతోందా? కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం రెండింటికీ దాదాపు 1.47. కాంతికి తేడా తెలియదు, వంగదు, చెదరదు. అయితే కడ్డీ మొదటి నుంచీ పారదర్శకమే. మనిషిని దాచాలంటే వెనక నుంచి వచ్చే కాంతిని అతని చుట్టూ తిప్పి, మళ్లీ పాత దారిలోనే వదలాలి.

కాంతిని వంచడం వింతేమీ కాదు. మే నెలలో కాజీపేట దాటాక రోడ్డు మీద నీళ్లలా మెరిసేది ఆకాశమే. తారుకు ఆనుకున్న వేడి గాలిలో కాంతి పైకి వంగి మన కంట్లో పడుతుంది. వంచిన కాంతిని మళ్లీ దారిలో పెట్టడమే కష్టం.

దానికి లెక్క 2006లో వచ్చింది. లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన జాన్ పెండ్రీ, అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీకి చెందిన షూరిగ్, స్మిత్ కలిసి ఇచ్చారు. లియొన్‌హార్ట్ అనే మరో భౌతిక శాస్త్రవేత్త విడిగా ఇచ్చాడు. అదే ఏడాది డ్యూక్‌లో ఒక రాగి స్తూపాన్ని మైక్రోవేవ్‌ల నుంచి దాచి చూపించారు. పూర్తిగా కాదు, నీడ తగ్గింది. అదీ ఒకే తలంలో. అల పొడవు మూడున్నర సెంటీమీటర్లు కాబట్టి, స్తూపం చుట్టూ పేర్చడానికి మిల్లీమీటర్ల సైజు రాగి చుట్లు సరిపోయాయి. ఇలా అల పొడవుకన్నా చిన్న ముక్కలు పేర్చి చేసిన పదార్థాలనే మెటామెటీరియల్స్ అంటారు.

మన కంటికి కనపడే కాంతి 400 నుంచి 700 నానోమీటర్లు. అంత చిన్న చుట్లు కష్టపడి చేయొచ్చు, కానీ లోహం ఆ కాంతిని మింగేస్తుంది. దానికన్నా మొండి సమస్య టైమ్. చుట్టూ తిరిగిన కాంతి ఎక్కువ దూరం నడిచి కూడా, పక్కన నేరుగా వెళ్లిన కాంతితో కలిసి బయటపడాలి. అల శిఖరాలు కాంతి వేగాన్ని మించొచ్చు, దానికి ఐన్‌స్టీన్ అడ్డు చెప్పడు. శక్తీ, సమాచారమూ మించలేవు. శిఖరాలకు ఆ వేగం ఒక రంగు దగ్గరే సరిగ్గా కుదురుతుంది, అందుకే ఈ మాయ ఒక సన్నని రంగు పట్టీలోనే పనిచేస్తుంది. ఎరుపులో దాక్కున్నవాడు నీలంలో దొరికిపోతాడు. వస్తువు పెద్దదయ్యే కొద్దీ పట్టీ ఇంకా సన్నబడుతుంది. ఎండలో నడిచే మనిషికి అన్ని రంగుల్లో, అన్ని వైపుల నుంచి పనిచేసే దుప్పటి రాదనే నా అభిప్రాయం.

వచ్చినా ఒక చిక్కుంది. లోపలికి కాంతే రాకపోతే లోపలివాడు చూసేదేమిటి? మన కథల్లో అంజనం పూసుకుని మాయమైనవాళ్లకు ఈ టెన్షన్ ఎందుకు లేదో మరి!

పిల్లలూ, మీ ల్యాబ్‌లోనే ఒకటి చేయొచ్చు. 2014లో రోచెస్టర్ యూనివర్సిటీవాళ్లు నాలుగు మామూలు లెన్సులను లెక్క ప్రకారం నిలబెట్టారు. అంచుల వైపు పెట్టిన వేళ్లు మాయమవుతాయి, వెనక గోడ కనపడుతుంది. సరిగ్గా నడుమ చెయ్యి పెడితే మాత్రం దొరికిపోతారు. చూసేవాళ్లు కూడా ఎదురుగానే నిలబడాలి.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది పెద్ద అలల మీద. 2012లో ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ దగ్గర నేలలో 5 మీటర్ల లోతు బోర్లు వరుసలుగా వేసి, సెకనుకు 50 సార్లు కంపించే యంత్రంతో నేలను అదిరించారు. అదురులో చాలా భాగం బోర్లకు తగిలి వెనక్కి మళ్లింది. దీన్ని క్లోక్, అంటే మాయ దుప్పటి, అనలేం, కానీ లెక్క ఆ కుటుంబానిదే. రామగుండం వైపు ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్‌తో ఇళ్లు అదరడం మీలో చాలామందికి తెలుసు. ఫ్రీక్వెన్సీ తగ్గితే అల పొడవు పెరుగుతుంది, బోర్ల మధ్య దూరమూ, లోతూ పెంచాలి. ఎంత పెంచాలో, ఖర్చు గిట్టుబాటవుతుందో లేదో, సివిల్ ఇంజనీర్లు ఎవరైనా ఉంటే టీ టైమ్‌లో కలవండి, కాగితం మీద వేసి చూద్దాం.