వెల్లుల్లి రెబ్బ, టెట్రాసైక్లిన్ బిళ్ల
(భీమవరంలో ఆక్వా రైతుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. ముందు వరసలో రైతులున్నారు, వెనకాల మెట్ల మీద నా పాత స్టూడెంట్లు కొందరు కనిపిస్తున్నారు. కంగారు పడకండి, ఇవాళ అటెండెన్సు తీసుకోను.

"మాస్టారూ, ఈ యాంటీబయాటిక్కులు మానేసి మన మూలికలతో నడిపించెయ్యొచ్చా?" రిటైరయ్యాక ఈ ప్రశ్న నన్ను అడగని వారం లేదు. కాఫీ హోటల్లో అడుగుతారు, చెరువు గట్టు మీద అడుగుతారు, పెళ్లి భోజనాల దగ్గర కూడా అడుగుతారు. ఇవాళ తీరిగ్గా జవాబు చెప్తాను.

భీమవరంలో ఈ విషయం ఎత్తితే ముందు యల్లాప్రగడ సుబ్బారావు గారినే తలుచుకోవాలి. 1895లో ఈ ఊళ్లోనే పుట్టారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు కట్టవు, మనిషి కళ్ల ముందే ఎండిపోతాడు. సుబ్బారావు గారికీ అదే పట్టుకుంది. ఆయన్ని గట్టెక్కించింది ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యం. తర్వాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి అమెరికా వెళ్లారు. అక్కడ లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనకి ఆయన పెద్దగా ఉన్నప్పుడే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారైంది, 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. ఇవాళ మన వేడి దేశాల్లో వచ్చే ఆ స్ప్రూకి డాక్టర్లు ఏం రాస్తారో తెలుసాండీ? ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకి వాడే ఫోలిక్ యాసిడ్ తయారైందీ, టెట్రాసైక్లిన్ కుటుంబం మొదలైందీ ఆయన నడిపిన ల్యాబులోనే.

ఆరియోమైసిన్ కూడా ప్రకృతిదే. మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి తన కోసం చేసుకునే పదార్థం అది. పెన్సిలిన్ బూజులోంచి వచ్చింది. కాబట్టి "మాది నాచురల్" అన్న ఒక్క మాటతో మూలికల వాళ్లు గెలవలేరు. "మాది సైన్సు" అన్న మాటతో ఇవతలి వాళ్లూ గెలవలేరు, ఎందుకో ఇప్పుడు చెప్తాను.

ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపితే అవి తొందరగా బరువెక్కాయి. అదే కంపెనీ వాళ్లు 1950 ప్రాంతంలో ఆ సంగతి బయటపెట్టారు. మేతలో రోజూ కాస్త యాంటీబయాటిక్ కలిపే అలవాటు అక్కణ్ణుంచే ఊపందుకుంది. రోజూ కాస్త అన్నదే ప్రమాదం. మెతక బ్యాక్టీరియా చస్తుంది, మొండిది మిగులుతుంది. ఆ మొండితనాన్ని పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకి కూడా అందిస్తుంది. మందులకి లొంగని బ్యాక్టీరియా వల్ల 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని లెక్క కట్టారు. భీమవరం బిడ్డ నడిపిన ల్యాబులో పుట్టిన మందుల కుటుంబం, ఆ కోళ్ల మేత దారిలోనే తిరిగి భీమవరం వనామీ రొయ్యల చెరువుల్లోకి వచ్చింది. రొయ్యలకొచ్చే తెల్లమచ్చ వైరస్ జబ్బనీ, వైరస్‌కి యాంటీబయాటిక్ పనిచేయదనీ తెలిసి కూడా, టెన్షన్లో మేతలో యాంటీబయాటిక్ కలిపినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. పేర్లు చెప్పను లెండి.

మరి వెల్లుల్లి సంగతి. నిన్న ఇంట్లో మూడు ప్లేట్లు తయారుచేశాను. బ్యాక్టీరియాని పెంచే అగర్ జెల్లీ మీద బ్యాక్టీరియా పూసి, నడిమధ్య చిన్న గుంట చేశాను. మొదటి గుంటలో ఎక్కడా కోయని, చితకని చిన్న రెబ్బ, రెండో దాంట్లో పచ్చి రెబ్బ దంచి తీసిన రసం, మూడో దాంట్లో ముందు ఉడకబెట్టి ఆ తర్వాత దంచిన రసం. పొద్దున్నకి ప్లేట్లన్నీ బూడిదరంగు పొర కట్టాయి. రెండో ప్లేట్లో మాత్రం గుంట చుట్టూ రూపాయి బిళ్లంత మేర అద్దంలా ఖాళీగా ఉంది. వెల్లుల్లిలో ఘాటు ముందే తయారుగా ఉండదు. రెబ్బ చితికినప్పుడు, లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి అల్లిసిన్ పుడుతుంది. ముందే ఉడికిస్తే దాన్ని పుట్టించే ఎంజైమ్ చచ్చిపోతుంది. పోపులో వేగిన వెల్లుల్లి రుచికేనండీ, మందుకి కాదు.

ప్లేట్లో చంపింది కదా అని సంబరపడొద్దు. ప్లేట్లో బ్లీచింగ్ పౌడరూ చంపుతుంది. ఎకరం చెరువు, మీటరు లోతు అనుకోండి. నీళ్లు 40 లక్షల లీటర్లు. పది కిలోల వెల్లుల్లి దంచి పోస్తే లీటరుకి రెండున్నర మిల్లీగ్రాముల వెల్లుల్లి. అల్లిసిన్ కాదు, మొత్తం వెల్లుల్లే అంత! దాంతో ఏ బ్యాక్టీరియాకీ జలుబు కూడా చేయదు. మేతకి పట్టిస్తే కొంత నయం, రొయ్య పేగులోకైనా వెళ్తుంది. పసుపుదీ ఇదే కథ. కొమ్ములో కుర్కుమిన్ వందకి మూడు పాళ్లు, మనం మింగాక రక్తంలోకి చేరేది బొత్తిగా తక్కువ. ఊపిరితిత్తుల్లో ఉన్న నిమోనియా దగ్గరికి అది ఏ దారిన వెళ్తుంది?

ఇంకో గొడవ. నాకు తెలిసిన ఒక రైతు మూడేళ్లు ఏ యాంటీబయాటిక్కూ ముట్టలేదు, "హెర్బల్" అని రాసున్న పొడే వాడాడు. రొయ్యలు పట్టిన రోజు శాంపిల్లో నిషేధించిన క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఆనవాళ్లు తేలాయి. కొనేవాళ్లు సరుకు తీసుకోలేదు. ఆ పొడి డబ్బా తీసుకెళ్లి టెస్టు చేయిస్తే, ఆకు బొమ్మ వెనకాల ఉన్నది అదే. డబ్బా మీద ఆకు బొమ్మ ఉంటే నమ్మేయకండి, రిపోర్టు అడగండి.

అలాగని మూలికల్ని కొట్టిపారేయను. నాకు ఆశ ఉన్న చోటు ఒకటుంది. దారుహరిద్ర జాతి మొక్కల్లో బెర్బెరిన్ అనే పసుపు పదార్థం ఉంటుంది. బ్యాక్టీరియా దాన్ని లోపలికి రానిచ్చి, పంపు పెట్టి తోడినట్టు బయటికి తోడేస్తుంది. ఆ జాతి మొక్కలు కొన్ని ఇంకో పదార్థం కూడా చేసుకుంటాయి. ఆ రెండోది బ్యాక్టీరియాని చంపదు, ఆ పంపుని ఆపుతుంది. అప్పుడు బెర్బెరిన్ లోపలే ఉండిపోయి పని చేస్తుంది. 2000లో ఈ సంగతి తేలింది. మందుని ఓడించే మొక్క కోసం కాకుండా, మందుకి సాయం పట్టే మొక్క కోసం వెతకాలని నేను అంటాను.

ఇంట్లో మాత్రం మూలికకి ఇవాళే పని ఉంది. జలుబు, మామూలు గొంతునొప్పి చాలావరకు వైరస్‌వే. అక్కడ అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ దండగ. ఉప్పునీళ్లు పుక్కిలించండి, శొంఠి మిరియాల కషాయం తాగండి. కషాయం వైరస్‌ని చంపక్కర్లేదు. నాలుగు రోజులు గొంతుకి సుఖంగా ఉండి, మిమ్మల్ని మందుల షాపు మెట్లెక్కకుండా ఆపితే చాలు.

ఆగకూడని చోటు కూడా చెప్పాలి, అది నా తప్పే. మా నాన్నగారికి షుగరు. చేలో కొడవలి తగిలి కాలు తెగింది. గడ్డి చామంతి ఆకు నలిపి పసరు పిండాను. రక్తం ఆగింది, అది నిజం. మూడోనాటికి పాదం ఎర్రగా ఉబ్బింది, ముట్టుకుంటే కాలిపోతోంది. మైక్రోబయాలజీ చదివినవాణ్ణి అయ్యుండి, "పసరు పనిచేస్తోంది కదా" అని ఇంకో రెండు రోజులు చూశాను. ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. ఆయన ఒక్క మాట అనలేదు. పండక్కి కొత్త చెప్పులు కొన్నప్పుడు మాత్రం కుడికాలి చెప్పు చేత్తో పట్టుకుని చాలాసేపు చూశారు.

షుగరున్నవాళ్ల కాలి పుండు, చలితో వచ్చే జ్వరం, ఆయాసంతో దగ్గు, మూత్రంలో మంటతో పాటు జ్వరం... వీటికి పెరట్లోకి వెళ్లకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. రాసిన బిళ్లలు ఆయన చెప్పినన్ని రోజులూ వేసుకోండి, మిగిలినవి పక్కింటివాళ్లకి ఇవ్వకండి.

ఆ మూడు ప్లేట్లూ అదిగో, ఆ బల్ల మీద పెట్టాను. టీ తాగేలోపు వరసగా వచ్చి చూడండి. టేపు మాత్రం ఊడదీయకండి, లోపలున్నవి ఇంకా బతికే ఉన్నాయి.